బడి గంట, ప్రార్థన, మనస్సాక్షి

(శతాబ్ది వేడుకల సందర్భముగా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంత సంఘముల తల్లిదండ్రులకును, ఉపాధ్యాయులకును జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగ వేళ మన పెద్దలు కట్టిన గుడులను గూర్చి, బడులను గూర్చి, ఆసుపత్రులను గూర్చి ఇతరులు మాటలాడుచున్నారు. నాకు ఇచ్చిన అంశము చిన్నది. ప్రతి దినము ఉదయము పది నిమిషములలో ముగిసిపోవునది. బడిలో జరుగు ప్రార్థన.

మన ప్రాంతములో మొదటి గంటకు ఒక పేరు ఉన్నది. దానిని ఎవరూ సమావేశము గంట అనరు. "ప్రేయర్ బెల్లు" అంటారు. ఆలస్యముగా వచ్చిన పిల్లవానిని "ప్రేయర్ అయిపోయినంక వస్తవా?" అని అడుగుతారు. వరుసలు కట్టుట, పాటలు, ప్రతిజ్ఞ, వార్తలు, హెడ్మాస్టరుగారి హెచ్చరికలు, అన్నియు కలిపి మనకు "ప్రేయరే". ఆ వరుసలలో హిందువుల పిల్లలు, ముస్లిముల పిల్లలు, మన పిల్లలు, దేవుడే లేడని చెప్పు ఇండ్ల పిల్లలు నిలబడుదురు. ఎవరి ప్రార్థన అది? ఇష్టము లేనివాడు ఏమి చేయవలెను? ఈ ప్రశ్నను నేను రెండు వైపుల నుండి ఎరుగుదును. మొదట నిలబడిన పిల్లవానిగా, తరువాత నిలబెట్టిన పెద్దగా. రెండవది చెప్పుట కష్టము. అయినను చెప్పెదను.

1990 ప్రాంతములో నేను వనపర్తి దగ్గరి ఒక ప్రభుత్వ పాఠశాలలో ఆరవ తరగతి చదువుచుంటిని. ఉదయము సరస్వతీదేవి మీద ఒక పాట పాడేవారము. నేను చేతులు కట్టుకొని నోరు మూసుకొని నిలబడేవాడిని. మా ఇంటిలో ఎవరూ అట్లు చేయుమని చెప్పలేదు. సండే స్కూలులో విన్న షద్రకు, మేషాకు, అబేద్నెగోల కథ నా తలకెక్కినది, అంతే. ఒకనాడు ఒక ఉపాధ్యాయుడు చూచి, "నోట్లో మాట లేదారా?" అని అందరి ముందట అడిగినాడు. మరునాడు నన్నే ముందర నిలబెట్టి పాడించినాడు. అగ్నిగుండములోనికి దూకుదునని అనుకున్న వీరుడు గజగజ వణకుచు పాట అంతయు పాడినాడు. తప్పు లేకుండ పాడినాడు కూడ!

ఇంటికి వచ్చి ఏడ్చితిని. దేవునిని కాదన్నానని నా భయము. మా నాయిన సంఘపెద్ద, పెద్ద చదువు లేనివాడు. ఆయన నన్ను కొట్టలేదు, బడికి పోయి కొట్లాడనూ లేదు. లాంతరు దగ్గరకు జరిపి రాజుల రెండవ గ్రంథము అయిదవ అధ్యాయము తీసినాడు. కుష్ఠు బాగైన నయమాను, "నా యజమానుడు రిమ్మోను గుడిలో నా చేతిమీద ఆనుకొని వంగునప్పుడు నేనును వంగవలసి వచ్చును, నన్ను క్షమింతురా?" అను అర్థమున ఎలీషాను అడిగిన కథ. ప్రవక్త అతనిని గద్దించలేదు. సమాధానముతో వెళ్లుమని పంపినాడు. "నీ లోపల ఎవరున్నరో ఆయనకు ఎరుక. పో, పండుకో" అన్నాడు నాయిన. తరువాత వేదాంత కళాశాలలో ఆ వాక్యభాగము మీద ఎన్నో వ్యాఖ్యానములు చదివితిని. ఆ రాత్రి విన్నదానికంటె మంచిది నాకు దొరకలేదు.

అదే వరుసలో నా పక్కన ఒక ముస్లిము స్నేహితుడు నిలబడేవాడు. "నువ్వెట్ల చేస్తవురా?" అని అడిగితిని. "పెదవులు కదుపుత. లోపల ఎక్కాలు చదువుకుంట" అన్నాడు. పదమూడవ ఎక్కము వరకు వానికి అట్లే వచ్చినదట. మా లెక్కల సారు మరొకరు. ప్రార్థన వేళ ఆయన ఎప్పుడును గేటు దగ్గర ఆలస్యముగా వచ్చినవారి పేర్లు వ్రాయుచుండేవారు. చాలా ఏండ్ల తరువాత, ఆయన రిటైరైన పిమ్మట, నాతో చెప్పినారు: "నాకు దేవుని మీద నమ్మకం లేదయ్యా. చేతులు జోడిస్తే అబద్ధం, జోడించకపోతే గొడవ. అందుకే ఉద్యోగం ఉన్నన్ని రోజులు ఆలస్యం పట్టీ రాసిన." మేమందరము ఆయనను మహా కఠినుడనుకొంటిమి. ఆయన కూడ మావలెనే దాగుకొనుచున్నాడని మాకు తెలియదు.

ఒక పాట చుట్టు ముగ్గురము. ఒకడు భయపడి పాడినాడు, ఒకడు పెదవులు కదిపినాడు, ఒకరు గేటు దగ్గర దాగినారు. ప్రార్థన మాత్రము ముగ్గురిలో ఎవరును చేయలేదు. బలవంతపు ప్రార్థన వలన జరుగునది ఇదే.

అయితే ఈ బాధ ఒక్క మతము వారిదే అనుకొనరాదు. మన నేల చరిత్ర చూడుడి. 1938 చివరలో, నిజాము పాలనలో, ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతి గృహములలోని హిందూ విద్యార్థులు తమ ప్రార్థన గదిలో వందేమాతరము పాడినారు. అధికారులు పాడరాదన్నారు. విద్యార్థులు సమ్మె చేసినారు. వందలాది మందిని వెళ్లగొట్టినారు. చాలామందికి నాగపూరు విశ్వవిద్యాలయము తలుపు తెరిచినది. తరువాత ప్రధానమంత్రి అయిన పి.వి.నరసింహారావుగారు అట్లు నాగపూరు చేరిన వారిలో ఒకరు. గద్వాల ప్రాంతపు బిడ్డ రామచంద్రరావుగారు జైలులో కొరడా దెబ్బ పడినపుడెల్ల ఆ మాటే పలికినందున వందేమాతరము రామచంద్రరావు అను పేరే ఆయనకు నిలిచిపోయినది. తన గదిలో తన పాట పాడుకొను హక్కు కొరకు ఆ యువకులు చదువును పణముగా పెట్టినారు.

అదే పాటకు రెండవ వైపు ఉన్నది. దాని తరువాతి చరణములలో దేశమును దుర్గాదేవిగా స్తుతించు మాటలున్నందున, ఏకదేవుని తప్ప మరి దేనికిని మ్రొక్కము అను ముస్లిములకు అది మనస్సాక్షి ప్రశ్న అయినది. అందుచేతనే 1937 అక్టోబరులో కాంగ్రెసు కార్యవర్గము సభలలో మొదటి రెండు చరణములు మాత్రమే పాడవలెనని నిర్ణయించినది. ఒకరికి పాడనీయకపోవుట గాయము. మరొకరికి పాడుమని నిర్బంధించుట గాయము. పాట ఒక్కటే. గాయపరచినది పాట కాదు, దానిపైన నిలిచిన బెత్తము.

మన రాజ్యాంగ నిర్మాతలు ఈ రెండు గాయములను ఎరిగినవారు. 25వ అధికరణము ప్రతివానికి మనస్సాక్షి స్వాతంత్ర్యమును, తన మతమును అవలంబించు, ఆచరించు, ప్రచారము చేయు హక్కును ఇచ్చినది. 28వ అధికరణము నేరుగా బడి గుమ్మములోనికే వచ్చినది. పూర్తిగా ప్రభుత్వ ధనముతో నడుచు విద్యాసంస్థలో మతబోధ ఉండరాదు. ఇక ప్రభుత్వ గుర్తింపు గాని సహాయము గాని పొందు ఏ సంస్థలోనైనను, విద్యార్థి సమ్మతి లేకుండ, మైనరైనయెడల సంరక్షకుని సమ్మతి లేకుండ, మతబోధలో గాని ఆరాధనలో గాని పాల్గొనుమని నిర్బంధించరాదు. ఈ రెండవ మాటను మనము జాగ్రత్తగా వినవలెను. "గుర్తింపు గాని" అన్నారు. అనగా ప్రభుత్వము నుండి పైసా తీసుకొనని మన బడులకు కూడ ఇది వర్తించును.

ఈ విషయమున మన తెలుగు న్యాయమూర్తి ఒకరిని తలచుకొనవలెను. 1985లో కేరళలో యెహోవాసాక్షుల కుటుంబమునకు చెందిన ముగ్గురు తోబుట్టువులను బడి నుండి తీసివేసినారు. జాతీయ గీతము పాడునపుడు వారు మర్యాదగా లేచి నిలబడేవారు, కాని పాడేవారు కారు. హైకోర్టు, ఆ గీతములో ఎవరి మతమునకును అభ్యంతరమైన మాట లేదు గదా అన్నది. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసివేసి పిల్లలను తిరిగి చేర్చుకొనుమన్నది. ఆ తీర్పు వ్రాసినవారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి వెళ్లిన జస్టిస్ ఓ.చిన్నప్పరెడ్డిగారు. ఆ నమ్మకము మనకు సబబుగా తోచునా లేదా అనునది ప్రశ్న కాదు, అది వారి హృదయములో నిజముగా ఉన్నదా అనునదే ప్రశ్న అని ఆయన భావము. లేచి నిలబడుటలో గౌరవమున్నది, పాడనంత మాత్రమున అవమానము లేదు అని తేల్చినారు. ఆ కుటుంబపు సిద్ధాంతముతో మనకు పొత్తు లేదు. అయినను ఆ ముగ్గురు పిల్లలు నిలబడిన చోటనే మన పిల్లలు కూడ నేడు నిలబడియున్నారు.

ప్రశ్న ఇంకను తీరలేదు. కేంద్రీయ విద్యాలయములలో ఉదయము చెప్పించు ఉపనిషత్తు శ్లోకమును, ప్రార్థనను గూర్చి, నాస్తికుల పిల్లలకును అల్పసంఖ్యాకుల పిల్లలకును ఇది నిర్బంధము కాదా అని ఒక న్యాయవాది సుప్రీంకోర్టుకు వెళ్లినారు. చీకటి నుండి వెలుగునకు నడుపుమను భావమున్న ఆ శ్లోకములో ఎవరికి ఏమి అభ్యంతరము అని ఒక వాదము. అర్థము మంచిదైనను ప్రార్థన ప్రార్థనయే గదా అని మరొక వాదము. 2019 జనవరిలో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనము ఈ సంగతిని పెద్ద రాజ్యాంగ ధర్మాసనము ముందు ఉంచదగినదని పంపినది.

ఇప్పుడు సముద్రము దాటి చూతము. అక్కడ మనవారే ఎక్కువమంది గనుక మనకు అద్దము దొరకును. అమెరికాలో న్యూయార్కు రాష్ట్ర విద్యామండలి వారు ఎవరికిని నొప్పి కలుగకుండ ఇరువది రెండు మాటల చిన్న ప్రార్థన ఒకటి తయారు చేసినారు. అందులో యేసు నామము కూడ లేదు. అయినను పదిమంది విద్యార్థుల తల్లిదండ్రులు కోర్టుకు వెళ్లినారు. వారిలో యూదులున్నారు, దేవుని నమ్మనివారున్నారు. 1962లో సుప్రీంకోర్టు, ప్రార్థనలు కూర్చుట ప్రభుత్వము పని కాదన్నది. మరుసటి ఏడు, 1963లో, పెన్సిల్వేనియా బడులలో ప్రతి ఉదయము బైబిలు వచనములు పది చదువు ఆచారమును కూడ రాజ్యాంగ విరుద్ధమన్నది. ఆ కేసు వేసిన తండ్రితో, "ఇష్టము లేనియెడల చీటి వ్రాసి పంపుడి, మీ పిల్లలు బయట నిలబడవచ్చును" అని చెప్పుటకు చట్టములో వీలున్నది. ఆయన సాక్ష్యము వినుడి. తరగతి బయట నిలబెట్టుట బడిలో శిక్ష. నా పిల్లలను అందరును వింతవాళ్లనుకొందురు అన్నాడు. ఎంత నిజము! ఏ దేశములోనైనను పిల్లవానికి కావలసినది గుంపు నుండి వేరుపడకుండుట. "వద్దంటే బయటికి పో" అనునది పెద్దవారి చెవికి స్వేచ్ఛ, పిల్లవాని చెవికి వెలి.

దేవుని నమ్మనివారి సంగతి కూడ మనము వినవలెను. గోరాగా పేరొందిన గోపరాజు రామచంద్రరావుగారు నాస్తికుడైనందున 1933లో కాకినాడలో అధ్యాపక ఉద్యోగము పోగొట్టుకొన్నారు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రము స్థాపించినారు. అట్టి మనిషితో గాంధీగారు సేవాగ్రాములో కూర్చుండి మాటలాడినారు. ఆయన కుమార్తె వివాహము ఆశ్రమములో జరుపుటకు ఒప్పుకొని, దేవుని పేరుకు బదులు సత్యము పేరట జరుపవచ్చునన్నారు. గాంధీగారు మరణించిన తరువాత 1948లో అక్కడనే ఆ వివాహము జరిగినది. ప్రతి సాయంకాలము ప్రార్థన లేనిదే ఉండలేని మనిషి అది. అంతకు ముందటి సంవత్సరము, 1947 ఏప్రిలులో ఢిల్లీలో, తన ప్రార్థన సభలో ఖురాను చదువుటకు కొందరు అడ్డుచెప్పినపుడు, వేలమంది కూర్చుని ఉండగా ఆయన ఆ దినము ప్రార్థనే మానివేసినారు. అడ్డుచెప్పిన కొద్దిమందిని పోలీసుల చేత లాగివేయించి దేవుని పిలుచుట ఆయనకు ఇష్టము లేదు.

ఇంతవరకు ఇతరుల సంగతి చెప్పితిని. ఇక నాది.

దాదాపు పది సంవత్సరముల క్రితము నేను సంఘము నడుపు ఒక పాఠశాల బాధ్యత చూచుచుంటిని. ఉదయము ప్రభువు ప్రార్థన చెప్పించేవారము. ఎనిమిదవ తరగతి బాలిక ఒకతె కన్నులు తెరిచి, చేతులు కిందికి వేసి నిలబడేది. అల్లరి లేదు, నవ్వు లేదు. రెండు మూడు దినములు చూచి ఆమెను ముందుకు పిలిచి, "నోట్లో మాట లేదా?" అంటిని. ఆ మాట నా నోట వెలువడగానే నాకు తెలిసినది, అది నా మాట కాదని. ఆరవ తరగతిలో నేను విన్న మాట అది. అయినను అందరు చూచుచున్నారు గనుక నేను వెనుకకు తగ్గలేదు. ప్రార్థన ముగియువరకు ఆమెను పక్కకు నిలబెట్టితిని.

మరునాడు తండ్రి వచ్చినాడు. సైకిళ్లు బాగుచేసుకొను మనిషి. కేకలు వేయలేదు. "అయ్యగారు, మా ఇంట్ల దేవుడు లేడు. మీ బడి మంచిదని పంపినం. ఫీజు కట్టినం గని మనసు కట్టలేదు. మా బిడ్డ మీ ప్రార్థనను ఎగతాళి చేసిందా?" అని అడిగినాడు. "లేదు" అంటిని. "మరి ఆమెకు శిక్ష దేనికి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. క్షమించుమని అడిగితిని. మరుసటి దినము ఆ బిడ్డను కూడ అడిగితిని, పిలిచిన చోటనే, అందరి ముందర.

తరువాత ఈ సంగతిని కమిటీలో పెట్టితిని. పెద్ద చర్చ జరిగినది. "మన బడి, మన ప్రార్థన. ఇష్టము లేకుంటే వేరే బడి చూచుకొందురు" అని ఒక వృద్ధుడు గట్టిగా అన్నారు. ఆయనను తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. ఆయన తండ్రి పాలమూరు కూలి. ఊరి బడి అరుగు కూడ ఎక్కనీయని కాలములో మిషను బడి ఆయనకు పలక ఇచ్చినది. అక్షరము, ప్రార్థన ఒక్క చేతితోనే వచ్చినవి. మన తాతలకు ఆ ప్రార్థన విడుదల. అందుకే అది వేరొకరికి బరువు కాగలదని మనకు తట్టదు. ఆ పెద్దాయన ఆనాటి నుండి కమిటీకి వచ్చుట మానినారు. నేను ఇంటికి పోయి కలిసినపుడు టీ ఇచ్చి కూర్చుండబెట్టుదురు, ఆ మాట మాత్రము ఎత్తరు. అది నాకు ఇప్పటికిని బాధయే.

చివరకు చేర్పించుకొను ఫారములో ఒక వరుస చేర్చినాము. మీ బిడ్డ ప్రార్థనలో, బైబిలు పాఠములో పాల్గొనుటకు మీకు సమ్మతియా, కాదా? ఎక్కువమంది, హిందువులును ముస్లిములును కూడ, సమ్మతి అని వ్రాసినారు. కొందరు కాదన్నారు. కాదన్నవారిని బయటికి పంపలేదు. వరుసలోనే తమ స్నేహితుల పక్కనే మౌనముగా నిలబడుదురు. ఆ బాలిక పదవ తరగతి వరకు అట్లే నిలబడి మంచి మార్కులతో వెళ్లినది. ఆమె తరువాత విశ్వాసి అయినదని చెప్పుదునని మీలో కొందరు ఎదురు చూచుచున్నారేమో. కాలేదు. అందుకొరకు మేము చేయలేదు. న్యాయము గనుక చేసినాము.

సహోదరులారా, ఇది మనకు కొత్త ఉపదేశము కాదు. నాగర్‌కర్నూలు, వనపర్తి ప్రాంతములకు సువార్త తెచ్చిన మెన్నోనైట్ బ్రెదరెన్ మిషనరీల పూర్వికులు ఎవరు? 16వ శతాబ్దములో ఐరోపాలో, విశ్వాసము రాజాజ్ఞ వలన కలుగదు, మనిషి తెలిసి ఒప్పుకొనవలెను అని చెప్పి హింసలు పడినవారి సంతతి. దేశము వెంట దేశము వలసపోయినవారు. నిర్బంధము నుండి పారిపోయి వచ్చినవారి చేతి మీదుగా ఈ నేలకు విశ్వాసము వచ్చినది. దానిని మనము నిర్బంధముగా మార్చుట తగునా? మత్తయి సువార్త ఏడవ అధ్యాయము పన్నెండవ వచనము మీకందరికి కంఠస్థమే. నా ఆరవ తరగతి రోజున నాకు ఏమి జరుగవలెనని కోరుకొంటినో, అది ఆ ఎనిమిదవ తరగతి బిడ్డకు నేను చేయవలసి ఉండినది.

మరి అందరును కలిసి చెప్పదగినది ఏదియు లేదా? ఉన్నది. దానిని ఇచ్చినవాడు మన పక్క జిల్లావాడే. నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు 1962లో విశాఖపట్నములో ట్రెజరీ అధికారిగా ఉన్నపుడు తెలుగులో వ్రాసిన ప్రతిజ్ఞనే నేడు దేశమంతట పిల్లలు తమ తమ భాషలలో చెప్పుచున్నారు. అందులో ఏ దేవుని పేరు లేదు. తల్లిదండ్రుల ఎడల, గురువుల ఎడల గౌరవమున్నది, తోటివారి ఎడల ప్రేమ ఉన్నది. నేను, నా ముస్లిము స్నేహితుడు, గేటు దగ్గరి లెక్కల సారు, ముగ్గురమును దాగకుండ గట్టిగా చెప్పిన మాటలు ఉదయమంతటిలో అవే.

ఇక మూడు మనవులు చేసి ముగింతును.

తల్లిదండ్రులకు: మీ బిడ్డను బడిలో యుద్ధమునకు పంపవద్దు, అబద్ధమునకును పంపవద్దు. మర్యాదగా లేచి నిలబడుట నేర్పుడి. ఇతరుల పాట వేళ నవ్వరాదు, మాటలాడరాదు. అన్నియు విగ్రహారాధన అని భయపెట్టవద్దు. మన గద్వాల జిల్లాకు 2016లో జోగులాంబ పేరు పెట్టినారు. పరీక్ష కాగితము మీద జిల్లా పేరు వ్రాయుట పూజ కాదు. పేరు వేరు, మ్రొక్కు వేరు. ఏది మ్రొక్కో అదే మనస్సాక్షి ప్రశ్న. అట్టిది వచ్చినపుడు బిడ్డను ముందుకు నెట్టక మీరే పోయి హెడ్మాస్టరుగారితో నెమ్మదిగా మాటలాడుడి. భయముతో పాడి వచ్చిన బిడ్డను గద్దింపక నయమాను కథ చదువుడి.

ప్రభుత్వ బడులలో పనిచేయు మన ఉపాధ్యాయులకు: మీ కుర్చీ ప్రభుత్వము ఇచ్చినది. దానిమీద కూర్చుండి మన ప్రార్థన కూడ చెప్పించవద్దు. పెదవులు మాత్రమే కదుపుచున్న బిడ్డ కనబడినయెడల చూడనట్లు ఉండుడి. ఆ దయ చాలును.

సంఘ పాఠశాలల కమిటీలకు: సమ్మతి ఫారము పెట్టుడి. కాదన్న బిడ్డను వరుసలో నుండి తీయవద్దు, ఆ బిడ్డ పేరు ఎవరి ముందటను చదువవద్దు.

దానియేలు గ్రంథములో ఆ హెబ్రీ యువకులు మూడేండ్లు బబులోను రాజు బడిలో చదివినారు. పరభాష నేర్చినారు, పరాయి పేర్లు కూడ భరించినారు. వాయిద్యములు మ్రోగగానే సాగిలపడవలెనన్నపుడు మాత్రము నిలబడినారు. నిలబడిన వారిని మనము మెచ్చుకొందుము. అయితే నూరేండ్ల తరువాత మన చేతికి కూడ ఒక గంట వచ్చినది. వాయిద్యము మ్రోగించువారము మనమే అయినపుడు, నిలబడిన బిడ్డను ఎట్లు చూచుచున్నాము? రానున్న నూరేండ్లలో మన బడులకు సాక్ష్యము ఆ చూపులోనే ఉండును.

గది తలుపు వేసికొని రహస్యమందు ప్రార్థించుమని మన ప్రభువు నేర్పినాడు. ఆ తలుపు గడియ లోపలి వైపున ఉండును. బయటి నుండి ఎవరును తీయలేరు, వేయలేరు.

దేవుడు మిమ్మును, మీ బిడ్డలను, మీ బిడ్డల పక్కన నిలబడు బిడ్డలందరిని దీవించును గాక. ఆమేన్.